విల్మా మేడమ్ పుట్టినరోజు నూడుల్స్

పందులు ఈనే షెడ్డులోకి వెళ్ళాలంటే ముందు తలస్నానం చెయ్యాలి. బయట మంచు ఎంత పడినా, పనికి ఎంత ఆలస్యమైనా అది తప్పదు. ఇంటి బట్టలు, గడియారం, చెవిపోగులు బయటి గదిలో వదిలేసి, ఒళ్ళు రుద్దుకుని, అవతలి తలుపులోంచి కంపెనీ బట్టల్లోకి దూరాలి. సాయంత్రం పోయేటప్పుడు మళ్ళీ స్నానం.

"మనిటోబాకొచ్చి నేను కూడబెట్టిందేమీ లేదు ఇందయ్, ఒంటిమీద మట్టితో సహా" అనేవాడు రొడేల్.

వాళ్ళ దేశంలో, ఇలోయిలో వైపు, చిన్నదాన్ని ముద్దుగా ఇందయ్ అంటారు. ఎడ్లిన్ అతనికి చుట్టమేమీ కాదు. ఒకే ఊరివైపు మనుషులు, ఒకే షెడ్డు. అంచేత అతను అన్న, ఆమె ఇందయ్. రొడేల్ కెనడాకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ ఉంది, ఇల్లుంది, డొక్కు ట్రక్కుంది. ఎడ్లిన్‌కి ఇది రెండో చలికాలం.

ఊళ్ళో పశువుల చదువు చదివింది ఎడ్లిన్. చెయ్యి సన్నం. పిల్ల అడ్డం తిరిగి ఈనలేక మూలిగే ఆడపంది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని వీపు నిమురుతూ, "అయిపోయిందమ్మా, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని వాళ్ళ ఇలోంగో భాషలో బతిమాలేది. షెడ్డు పెద్ద విల్మా పెనర్ ఆ మాటలు తలుపు దగ్గర నిలబడి వినేది. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. పంది మాత్రం వినేది.

విల్మా మాటల మనిషి కాదు. బాగుందంటే "సరే" అంటుంది, బాగోకపోయినా "సరే" అంటుంది. తేడా కనిపెట్టడానికి ఎడ్లిన్‌కి ఏడాది పట్టింది. కానీ శరత్కాలంలో, "నామినేషన్‌కి నువ్వు రాయాల్సింది రాశావా? నా వంతు నేను రాశాను" అని కాయితాలు చేతిలో పెట్టింది ఆమే.

ప్రావిన్సు ప్రభుత్వం "ఈ మనిషి మాకు కావాలి" అని నామినేషన్ ఇస్తేనే పీఆర్‌కి దారి తెరుచుకుంటుంది. ప్రావిన్సు చేత ఆ మాట అనిపించాలంటే ముందు యజమాని అనాలి. యజమాని అన్నది. ఇక జవాబు వచ్చేదాకా ఉద్యోగం నిలబెట్టుకోవడం ఒక్కటే ఎడ్లిన్ చెయ్యాల్సింది. ఉద్యోగం పోతే ఫైలు పోతుంది. ఆమె వర్క్ పర్మిట్ కూడా ఆ షెడ్డుతోనే ముడిపడి ఉంది. అటు ఇలోయిలోలో భర్త ఎల్మర్ అప్పుడే కూతురికి చలికోటు కొనేశాడు. ఆ పిల్ల ఉక్కపోతలో కోటు తొడుక్కుని, ఫ్యాను కింద నిలబడి, "అమ్మా, నేను కెనడాలో ఉన్నా" అని ఫోన్లో చూపించేది.

ఫిబ్రవరిలో విల్మాకి అరవై నిండాయి.

"నూడుల్స్ లేకుండా పుట్టినరోజేమిటి? ఆయుష్షు ఎక్కణ్ణించి వస్తుంది? పన్‌సిట్ నువ్వు చెయ్యి, కేకు నేను తెస్తా" అన్నాడు రొడేల్.

"పంది లేకుండా చెయ్యాలి అన్నా."

"అది నాకు చెబుతావా? ఆ బోర్డు నిద్రలో కూడా అప్పజెబుతా."

భోజనాల గది తలుపు మీద ఉంది ఆ బోర్డు. పంది మాంసం గానీ, దానితో చేసింది ఏదైనా గానీ లోపలికి తేకూడదు. తెచ్చినవాళ్ళకి ఆ రోజే ఆఖరి రోజు. బయటి మాంసంలో ఏ రోగం దాక్కుని ఉంటుందో తెలియదు, ఒక్క తునక చాలు షెడ్డంతా తుడిచిపెట్టుకుపోవడానికి. పంది లేని విందు విందే కాదనే ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఆ బోర్డు దినదిన గండమే. అయినా ఎడ్లిన్ ఎప్పుడూ తప్పలేదు. కోడి, రొయ్యలు, క్యారెట్టు, క్యాబేజీ. బాణలి కూడా రెండుసార్లు తోమింది. తెల్లారుతుండగా పన్‌సిట్ దించి, పొడవాటి పోగులు తెగకుండా పళ్ళెంలోకి వంచి, వాళ్ళమ్మ ఎలా చేస్తుందో అలాగే పైన అలంకరించి, మూత పెట్టి పట్టుకెళ్ళింది.

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. విల్మా కత్తి తీసి నూడుల్స్‌ని అడ్డంగా కోసింది.

"అయ్యయ్యో! మేడమ్! అది మీ ఆయుష్షు!" రొడేల్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అరవై చాలు" అంది విల్మా. "నాకు విల్మా అని పేరుంది. మేడమ్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే మేడమ్."

ఆమె తింది. మారు వడ్డించుకుంది. ఎడ్లిన్ గుండె నిండిపోయింది. మారు వడ్డించుకోవడం విల్మా ఇంటావంటా లేదు.

"పైన కరకరలాడేది ఏమిటి? చాలా బాగుంది" అంది విల్మా.

ఎడ్లిన్ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

చిచరోన్. పంది తోలు వేయించి అప్పడంలా పొంగించింది. విన్నిపెగ్‌లో వాళ్ళ దేశం సరుకులమ్మే కొట్టుకి వెళ్ళినప్పుడు కొన్న పొట్లం. పొద్దున చేత్తో నలిపి, చారు మీద కొత్తిమీర జల్లినంత తేలిగ్గా పన్‌సిట్ మీద జల్లింది. మాంసమని అనిపించనే లేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరికీ అనిపించదు. మాంసం బాణలిలో ఉంటుంది, చిచరోన్ పైన ఉంటుంది, అంతే.

బల్ల కింద రొడేల్ ఆమె కాలు తొక్కాడు.

"ఉల్లిపాయ మేడమ్. బాగా వేయించిన ఉల్లిపాయ."

"సరే" అంది విల్మా. అది బాగుందన్న సరే.

పళ్ళేలు తీశాక నడవలో రొడేల్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"నోరు కుట్టేసుకో. తిన్నాం, అరిగిపోతుంది. మిగిలింది నేను మూట కట్టి పారేస్తా."

"పందులకేమన్నా అయితే?"

"ఏమీ కాదు. ఇవాళో రేపో నీ నామినేషన్ వచ్చేస్తుంది. ఇప్పుడు నిజం చెప్పి ఏం బావుకుంటావ్? నీ కూతురు ఆ కోటు పొట్టయిపోయేదాకా అక్కడే ఉంటుంది."

ఎడ్లిన్ తల ఊపింది. ఈనే గది తలుపు దాకా వెళ్ళింది. లోపల రెండు పందులు నెప్పులు పడుతున్నాయి. ఒకటి అప్పుడే ఈనినట్టుంది. తడి ఆరని పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తల్లి పొట్ట వెతుక్కుంటున్నాయి. ఆమె చేతులవైపు చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఏముందో ఎవరికి తెలుసు? తలుపు గొళ్ళెం మీద పెట్టిన చెయ్యి తీసేసింది.

వెనక్కి వచ్చేసరికి విల్మా ఇంకా భోజనాల గదిలోనే ఉంది, మిగిలిన కేకుకి మూత పెడుతూ.

"అది ఉల్లిపాయ కాదు విల్మా. పంది తోలు. నేనే తెచ్చాను. మరిచిపోయి తెచ్చాను."

మొదటిసారి ఆమెను పేరుతో పిలిచానని ఎడ్లిన్‌కి తెలియలేదు. విల్మాకి తెలిసిందో లేదో. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"తిన్నాక లోపలికి వెళ్ళావా?"

"లేదు."

"రొడేల్?"

"వెళ్ళలేదు. బయటే ఉన్నాడు."

"సరే" అంది విల్మా. ఆ సరే ఏ రకందో ఎడ్లిన్‌కి అంతుపట్టలేదు.

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. తిన్నవి, తాకినవి అన్నీ సంచుల్లోకి పోయాయి. మందునీళ్ళతో నేల, బల్ల, గోడలు కడిగారు. ముగ్గురూ మళ్ళీ స్నానాలు చేశారు. విల్మా పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది, ఆ తర్వాత కంపెనీకి. చివరికి తల తుడుచుకుంటూ వచ్చి, "ఇంటికి వెళ్ళు. నేను పిలిచేదాకా రావద్దు" అంది.

ట్రక్కులో దారి పొడుగునా రొడేల్ తిట్టాడు. "తెలివి తక్కువ మొహమా. నిజాయితీ వండుకుని తింటావా ఇప్పుడు? ఉల్లిపాయ అని అంత చక్కగా అబద్ధం అతికించి పెడితే..." ఇంటి ముందు ఆపి, ఆమె దిగాక, అద్దం దించి, "బియ్యం ఉన్నాయా ఇంట్లో?" అని అడిగాడు. జవాబు వినకుండానే సాయంత్రానికి ఒక బస్తా తెచ్చి గుమ్మంలో పడేసి పోయాడు.

తర్వాతి రోజులు ఎడ్లిన్‌కి గడవలేదు. ఎక్కడ తయారైందో చూడాలని పశువుల డాక్టరు అడిగితే పొట్లం ఫొటో పంపింది. పెట్టె సర్దడం మొదలుపెట్టి, మళ్ళీ విప్పేసింది. ఎల్మర్ ఫోన్ చేసి, "పాప కోటు మీద పేరు కుట్టించమంటావా? అక్కడి బళ్ళో మారిపోతాయేమో" అని అడిగాడు. కుట్టించమంది. ఫోన్ పెట్టేశాక ఎందుకు కుట్టించమన్నానా అని ఏడ్చింది.

ఒక ఉదయం విల్మా ఫోన్ చేసి ఒకే ముక్క అంది. "రా."

ఎడ్లిన్ స్నానం చేసి కంపెనీ బట్టలు తొడుక్కుంది. ఆఖరిసారి అనుకుంటూనే తొడుక్కుంది. భోజనాల గదిలో కొత్త పొయ్యి ఉంది. విల్మా దాని ముందు నిలబడి గిన్నెలో ఏదో కలుపుతోంది. రొడేల్ మూల కూర్చుని తల పట్టుకున్నాడు.

"చూశావా ఇందయ్, నీ పుణ్యం! ఇక మీదట బయటి తిండి ఏదీ లోపలికి రాకూడదట. కంపెనీయే సరుకులు పంపుతుంది. ఈవిడ వండుతుంది. మనం తినాలి. దీనికన్నా నిన్ను పంపేసినా బాగుండేది."

"ఉల్లిపాయ అన్నవాడు మాట్లాడకూడదు" అంది విల్మా, వెనక్కి తిరక్కుండా. "వాడు ఈ నెలంతా పేడ గుంట దగ్గరే."

ఎడ్లిన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. "మరి నేను?"

విల్మా గరిటె పక్కన పెట్టింది. పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది.

"ఆ పొట్లం ఇక్కడే తయారైందట. భయం లేదన్నాడు డాక్టరు. కంపెనీవాళ్ళు బోర్డు చూపించారు, పంపించెయ్యమన్నారు. నేను ఒక్కటే అడిగాను. నిజం చెప్పిన మనిషిని పంపేస్తే, రేపు ఇంకెవరైనా వచ్చి నాకు చెబుతారా? ఎవరూ చెప్పరు. అప్పుడు నాకు బోర్డు ఒక్కటే మిగులుతుంది." ఊపిరి తీసుకుంది. "రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నారు. కూర్చో. తిను."

అది అన్నం. సగం మెత్తగా ముద్దయింది, సగం పలుకు. అడుగు మాడింది. రొడేల్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఎడ్లిన్ పళ్ళెం ఖాళీ చేసి, మారు వడ్డించుకుంది. కళ్ళ నీళ్ళు అన్నంలో పడుతుంటే ఉప్పు సరిపోయిందనుకుంది.

గోడ మీది ఫోన్ మోగింది. విల్మా తీసి వింది.

"ఆ. నేనే విల్మా పెనర్ని." ఎడ్లిన్‌వైపు తిరిగి, పెదాలు మాత్రం కదిపి "ప్రావిన్సు" అంది. రొడేల్ నమలడం ఆపేశాడు.

"ఆ, ఆమె ఇక్కడే పని చేస్తోంది... లేదండీ, ఏమీ మారలేదు... ఆ, ఇక ముందు కూడా." అవతలివాళ్ళు ఇంకేదో అడిగారు. విల్మా ఎడ్లిన్ పళ్ళెంవైపు చూసింది.

"మాట్లాడొచ్చు గానీ కాసేపాగి చెయ్యండి. అన్నం తింటోంది."