పంది బొమ్మ కరపత్రం

ఆ కరపత్రం చూసిన రోజే రాజేశ్వరమ్మకు ఒళ్లు మండింది. 2009, శ్రావణమాసం. నగరమంతా స్వైన్ ఫ్లూ భయం. నాచారం ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఏళ్లుగా నర్సు ఆమె. కాగితం నిండా పంది బొమ్మ, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 'శ్వాసకోశ స్రావ బిందువుల ద్వారా వ్యాపించును' అని ఉంది. అది రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, నాచారంలో ఒక్క గల్లీ తొక్కిన పాపాన పోలేదు.

"సార్, ఇది సూస్తే పందిని తింటెనే రోగమొస్తదనుకుంటరు. దగ్గితే, తుమ్మితే అంటుకుంటదని పెద్దగ రాయున్రి. కడుపుతోని ఉన్నోళ్లు జరమొస్తే ఒక్క దినం సుత ఆగొద్దని రాయున్రి," అని ఆఫీసరు మురళీధర్‌ను బతిమాలింది.

"పైనుంచి ఖరారై వచ్చిందమ్మా. నువ్వు పంచు చాలు. సొంత కవిత్వం చెప్పకు," అన్నాడాయన తలెత్తకుండానే.

నోరు మూసుకుని పంచింది. అందుకు ఆమెకు ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

పది రోజులకు గర్భిణుల వివరాలు రాసుకోవడానికి అదే బస్తీలో ఉండే సారలమ్మ ఇంటికి వెళ్లింది. సారలమ్మ కోడలు త్రివేణికి ఏడో నెల. చాప మీద పడి ఎగశ్వాస తీస్తోంది. గోడకు అదే కరపత్రం, మెతుకులతో అంటించి ఉంది.

"ఎన్ని దినాల సంది జరం?"

"నాలుగొద్దులాయె. గా పెద్ద రోగం గాదులే అక్కా," అంది సారలమ్మ ధీమాగా. "శ్రావణమాసమాయె, మా ఇంట్ల నీసు ముట్టక ఇరవై దినాలు. పంది రోగం మాకెట్లొస్తది? నా కొడుకు సుత దగ్గుతుండు. వానలు గద."

గోడ మీది పంది బొమ్మ చూసి రాజేశ్వరమ్మకు కోపం ముంచుకొచ్చింది. సారలమ్మ మీద మాత్రం కాదు. ఆటో పిలిచి, త్రివేణిని తనే పొదివి పట్టుకుని పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. పరీక్షలో స్వైన్ ఫ్లూ అని తేలింది. మూడో రోజు త్రివేణి చనిపోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

ఆ చావు మీద మురళీధర్ రిపోర్టు తయారుచేయించాడు. 'చికిత్స ఆలస్యానికి కారణం: ప్రజల్లో అవగాహన లేకపోవడం.' సంతకం పెట్టమని ఆమె ముందుకు తోశాడు.

రాజేశ్వరమ్మ ఆ ముక్కను అడ్డంగా కొట్టేసింది.

"ఏం చేస్తున్నావమ్మా? మతి ఉందా?"

"అవగాహన లేకేంది సార్? కూడబలుక్కుంట సదివిన్రు. మనం ఏం జూపెట్టినమో గదే నమ్మిన్రు. ఆ పిల్లను సంపింది గా నమ్మకమే!"

కొట్టేసిన చోట 'మేం వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పలేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది.