ఏడో అంతస్తులో ఎవరూ పడరు

మేంగ్ తాత స్నానాలగది గుమ్మంలో పడ్డాడు. తల గోడ అంచుకు తగిలిన చప్పుడు గదిలోని ఆరు మంచాలవాళ్ళూ విన్నారు.

కొత్త నర్సు సొల్బి పరుగెత్తుకొచ్చింది. వెనకే హెడ్ నర్సు ప్యో, కాంట్రాక్టు మీద పనిచేసే వార్డు ఆయా సున్నిమ్. ముగ్గురూ కలిసి ఆయన్ని లేపి మంచం మీద కూర్చోబెట్టారు.

"పడ్డట్టు రాయనా మేడమ్?" అంది సొల్బి.

"పడలేదు. మెల్లగా కూర్చున్నాడు," అంది ప్యో.

"పడ్డానమ్మా," అన్నాడు తాత. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసి రిటైరైన మనిషి. ఎత్తుల మీద పనిచేసినవాడికి పడటమంటే ఏమిటో తెలుసు.

"కూర్చున్నావులే తాతా. నువ్వు పడితే మా కొంప మునుగుతుంది."

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వాడు.

ఆ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి డైరెక్టరుగా టైర్ల కంపెనీని లాభాల్లోకి తెచ్చిన పెద్దమనిషిని తీసుకొచ్చారు. అక్కడ వాడిన బోర్డునే ఆయన ఇక్కడా సభాగృహం గోడకెక్కించాడు. దాని మీద ప్రతి వార్డుకూ నాలుగు గళ్ళు: రాబడి, రోగుల సంతృప్తి, పనితీరు, నేర్చుకోవడం. ప్రతి సోమవారం హెడ్ నర్సులు ఒక్కొక్కరే లేచి తమ వార్డు గళ్ళలో రంగు బిళ్ళలు అంటించాలి. అంతా బాగుంటే పచ్చది. రోగి పడితే ఎర్రది. ఎర్రబడ్డ వార్డులో కాంట్రాక్టు మనుషుల్ని మళ్ళీ తీసుకోరు.

పనికిరాని టైరును పక్కన పడేయొచ్చు. పడ్డ మనిషిని ఏం చెయ్యాలో ఆ బోర్డుకు తెలియదు. అందుకే వార్డుల్లో రోగులు పడటం మానేసి మెల్లగా కూర్చోవడం మొదలుపెట్టారు. మా ఆసుపత్రిలో ఎవరూ పడరని డైరెక్టరు పత్రికలవాళ్ళతో చెప్పుకున్నాడు. కొత్తవాళ్ళకు సూది వెయ్యడం నేర్పినట్టే సీనియర్లు ఇదీ నేర్పారు. నేర్చుకోవడం గడిలో ఏడో అంతస్తుది ఎప్పుడూ పచ్చ బిళ్ళే.

మధ్యాహ్నం తాతకు మాట తడబడింది. డాక్టరు వచ్చి, "ఎక్కడైనా పడ్డాడా?" అని సొల్బిని అడిగాడు.

సొల్బి ప్యో వైపు చూసింది. ప్యో తల ఎత్తకుండా మందుల ట్రే సర్దుతోంది.

"లేదండీ," అంది సొల్బి.

ఒంట్లో షుగరు తగ్గిపోయిందనుకుని డాక్టరు ఆ మందు తగ్గించి వెళ్ళిపోయాడు. తలకు స్కాన్ తీసేసరికి లోపలంతా నెత్తురు. సాయంత్రానికి తాత పోయాడు.

మర్నాడు పైనుంచి కబురొచ్చింది. తాతను సరిగ్గా కనిపెట్టుకోని తప్పు కొత్త నర్సుది, ఆమెను తీసేస్తారు, వార్డు బిళ్ళ పచ్చగానే ఉంటుంది. దుప్పట్ల గదిలో వార్డు మనుషులంతా గుమిగూడారు.

"పోనీ, సొల్బి చిన్నపిల్ల. ఇంకోచోట దొరుకుతుంది," అందొక సీనియరు నర్సు. "బిళ్ళ ఎర్రబడితే సున్నిమ్ పిన్ని గతేంటి?"

"నా పేరు ఎత్తకు," అంది సున్నిమ్. "నా ఉద్యోగం కోసం ముసలాయన్ని చంపుదామా అని నన్నెవరైనా అడిగారా? చంకల కింద చేతులేసి లేపింది నేను కూడా. ఆ బరువు ఇంకా దిగలేదే."

సొల్బి ప్యోతో మెల్లగా అంది: "మీరు నేర్పినట్టే చెప్పాను మేడమ్. బాగా నేర్చుకున్నానని మార్కులు కూడా వేశారు."



పోయినవాళ్ళ ఫొటో పెట్టి, చూడవచ్చినవాళ్ళకు భోజనం పెట్టే చావుగదులు ఆసుపత్రి కింది అంతస్తులోనే ఉన్నాయి. ప్యో అక్కడికి వెళ్ళి తాత ఫొటో ముందు రెండుసార్లు సాగిలపడింది. ఆయన భార్యకు దండం పెట్టడానికి వంగబోతూ ఆగి, "ఆయన పడ్డాడమ్మా. మేం దాచాం," అంది.

ముసలమ్మ వచ్చినవాళ్ళందరికీ పెట్టే మాంసం పులుసు గిన్నె ప్యో ముందు పెట్టనివ్వలేదు.

"ఇక్కడ నాతో చెప్పడం తేలిక. పైన చెప్పు. ఆ బోర్డు పెట్టినవాడితో చెప్పు."

సోమవారం సభాగృహానికి ప్యో ఒంటరిగా రాలేదు. సొల్బి, సున్నిమ్, సెలవులో ఉన్న నర్సులు, వైద్య విద్యార్థులు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏడో అంతస్తు," అని పిలిచారు.

ప్యో ఎర్ర బిళ్ళ తీసి అంటించింది.

"ఆయన పడ్డాడు. అంతకుముందూ చాలామంది పడ్డారు. ఈ పిల్లకు అబద్ధం నేర్పింది నేను. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

"భావోద్వేగంతో ఆసుపత్రి నడవదమ్మా," అన్నాడు డైరెక్టరు. "ఆ బిళ్ళ తీసి కూర్చోండి."

"కూర్చోబెట్టే చంపాం సార్," అంది సున్నిమ్ వెనక నుంచి.

ఎవరూ నవ్వలేదు. ఎముకల వార్డు హెడ్ నర్సు లేచి, నిరుటి నుంచి ఉన్న తన పచ్చ బిళ్ళ పీకేసింది. తర్వాత పిల్లల వార్డు. ఆ తర్వాత వరస కట్టారు. పెట్టెలో ఎర్ర బిళ్ళలు అయిపోయాయి. అంత అవసరం వస్తుందని యాజమాన్యం అనుకోలేదు. మిగిలినవాళ్ళు పచ్చ బిళ్ళలు పీకి డైరెక్టరు బల్ల మీద పెట్టి వెళ్ళారు.

సాయంత్రానికల్లా ప్యోను సస్పెండ్ చేశారు. సొల్బిని తీసేసే ధైర్యం ఇంకా చెయ్యలేదు. రేపు చెయ్యొచ్చు. గేటు దగ్గర ఉద్యోగుల సంఘంవాళ్ళు తమ నిరసన చొక్కాలు పంచుతుంటే ప్యో ఒకటి తీసుకుంది గానీ తొడుక్కోలేదు. ముసలమ్మ పులుసు గిన్నె అందనివ్వని చేతుల్లో దాన్ని మడిచి పట్టుకుని నిలబడింది.

మర్నాడు ఏడో అంతస్తులో ఒక పెద్దావిడ మంచం దిగుతూ జారింది. సొల్బి వెంటనే లేపలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల కింద చెయ్యి పెట్టింది.

"ఏం లేదమ్మా, కూర్చున్నాను," అంది ఆవిడ, పిల్లకు ఎక్కడ మాటొస్తుందోనని.

"కాదు అమ్మమ్మా, పడ్డారు," అంది సొల్బి. వరండా దాకా వినబడేలా అంది.

వరండాలోంచి సున్నిమ్ డాక్టరు కోసం పరుగెత్తింది.