సదయ్య యాక్షన్

నాకు నోరెక్కువ, అది నేనే ఒప్పుకుంట. మా కాలనీల నల్లా కాడ నాతోని మాట పెట్టుకునే ధైర్యం ఎవ్వలికి లేదు. గంత నోరున్నదాన్ని ఒక తప్పు మాట పట్టుకొని నాలుగు నెలలు తిరిగిన. గది బయటికి చెప్పుకుంటెనే నా పానం సల్లవడ్తది, అందుకే చెప్తున్న.

మా ఆయన పేరు సదయ్య. మొగని పేరు పలుకద్దంటరు గని, పేరు లేకుంటె ముచ్చట ఎట్ల నడుస్తది? బొగ్గు బాయిల హాలర్ డ్రైవరు. భూమి లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతోని గుంజే మిషిన్ ఆయన చేతిల ఉంటది. కిందికెళ్ళి గంట కొడ్తరు. ఇన్ని కొడితె గుంజాలె, ఇన్ని కొడితె ఇడువాలె, ఒక్కటి కొడితె ఆపాలె. కింద ఉన్న మనిషి కనవడడు, వాని మాట ఇనవడదు. గంటనే నమ్ముకోవాలె. ఇరువై రెండేండ్లు గదే పని చేసిండు, ఒక్కనాడు గూడ లెక్క తప్పలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకు తగిలింది. పన్నెండు రోజులు దవాఖానల ఆక్సిజన్ మీద ఉన్నడు. నేను మైసమ్మకు యాటను మొక్కిన. మొత్తానికి నడుసుకుంట ఇంటికొచ్చిండు, గండం గడిచిందనుకున్నం. రెండు నెలలకు డ్యూటీ ఎక్కిండు.

గప్పటి సంది మొదలైంది. ఉల్లిగడ్డలు తెమ్మని పంపిస్తె సగం తొవ్వల నిలవడి, ఎందుకొచ్చిన్నో తెల్వక ఉత్త సంచితోని తిరిగొచ్చేది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మాట దొరకక నోరు తెరిచి చూసేది. గుండె దడదడ కొట్టుకుంటుందని లేచి కూసునేది. ఒక దినం ఫస్టు షిఫ్టుల కింది నుంచి గంట మోగింది. ఈయన మిషిన్ మీదికెళ్ళి చెయ్యి తీసి పక్కకు కూసున్నడు. షిఫ్టు చూసుకునే ఓవర్‌మెన్ వచ్చి ఏందని అడిగితె, ఎన్ని గంటలు కొట్టిన్రో నాకు తెల్వలేదు, నేను గుంజను అన్నడట. టబ్బులు ఎక్కడియక్కడ్నే ఉన్నయి, ఎవ్వలికి ఏం కాలేదు. ఆయనను తీసి పైన చిన్న పనికి ఏసిన్రు.

ఇగ ఇక్కడ మా దిక్కు ముచ్చట ఒకటి చెప్పాలె. బాయిల పనిచేసేటోడు జబ్బుతోని పనికి రాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తె, ఆ నౌకరి వాళ్ళ పిల్లలకు వస్తది. నిజంగ జబ్బున్నోళ్ళే ఎక్కువ. గని లేని నడుము నొప్పి పట్టుకొని కుంటేటోళ్ళు, ఇనవడుకుంటనే చెవుడు అనేటోళ్ళు గూడ ఉంటరు. అందుకే మా కాడ ఎవ్వలన్న జబ్బు అంటె ముందుగాల నవ్వుతరు. తర్వాత, నౌకరి కొడుక్కా బిడ్డకా అని అడుగుతరు.

ఈయనను గూడ గట్లనే అడిగిన్రు. మతిమరుపు అనే కొత్త లైను పట్టినవు కాక అని భుజం తట్టిన్రు. మా బిడ్డ తిరుమల డిగ్రీ చేసి ప్రైవేటు బడిల పిల్లలకు సదువు చెప్తది. నౌకరి దానికే అని అందరు ఖాయం చేసిన్రు. నేను గూడ గదే అనుకున్న. నాకు గూడ చెప్పకుంట శురూ చేసిండు, ఎంత లోతు మనిషి అని మస్తు మురిసిన.

అన్‌ఫిట్ కోసం బోర్డుకు అర్జీ నేనే పెట్టిచ్చిన. ఇగ ఇంట్ల ట్రైనింగు మొదలుపెట్టిన. పొద్దుగాల చాయ్ ఇచ్చి ఇయ్యాల ఏం వారం అని అడిగిన. ఆయన చాన సేపు ఆలోచించి బేస్తారం అన్నడు. ఆ దినం సోమారం. నేను చప్పట్లు కొట్టిన, బోర్డు ముంగట గూడ గిట్లనే చెప్పాలె అన్న. ఆయన నేను నిజంగనే బేస్తారం అనుకున్న జమునా అన్నడు. నా ముంగట గూడ ఎందుకయ్యా యాక్షన్ అని నవ్వుకుంట అంట్లు తోముకోవోయిన.

బాయిల కింద గంట కొట్టే నజీర్ అన్న ఒకసారి ఇంటికొచ్చిండు. భాభీ, సదయ్యది నాటకం కాదు, నుస్రత్‌కు గూడ కరోనా తర్వాత గిట్లనే అయింది, మంచి డాక్టరమ్మ ఉన్నది, తోల్కపో అన్నడు. నుస్రత్ బేగం అంటె ఆయన ఇంటామె. ఇద్దరు దోస్తులు కలిసి ఆడుతున్న ఆట అనుకున్న నేను. చాయ్ తాగి పో అన్నా అని మాట మార్చిన.

బోర్డుకు ఇంక తొమ్మిది దినాలు ఉన్నయి. ఒక పొద్దు పదకొండు గంటలకు అంగడికి పోయి, పైసల పర్సు మరిచి మళ్ళ వచ్చిన. తలుపు దగ్గరకేసి ఉన్నది. వంటింట్ల టంగు టంగుమని సప్పుడు. చూస్తె ఆయన కింద కూసొని, స్టీలు గిలాస బోర్లేసి చెంచతోని కొడుతున్నడు. కండ్లు మూసుకొని కొడ్తడు, గుంజుడా ఇడుసుడా అని తనను తానే అడుగుతడు, పక్కకున్న కాయితం చూస్తడు, తప్పని తలకాయ మీద అరచేత్తోని కొట్టుకుంటడు. మళ్ళ మొదలు. ఇంట్ల ఎవ్వలు లేరు. ఎవ్వలికి చూపియ్యనీకి యాక్షన్ చేస్తున్నడు?

పోయి పక్కన కూసొని ఆ కాయితం తీసుకున్న. పైన గంటల లెక్కలు రాసి ఉన్నయి. దాని కింద గ్యాసు బందు చెయ్యాలె అని ఉన్నది. ఇంకా కింద నజీర్ ఇంటామె పేరు నుస్రత్ అని రాసుకున్నడు. పదిహేనేండ్ల సంది పండుగ పండుగకు మాకు సేమియా పంపే ఆడిమనిషి పేరు అది.

నాకెందుకు చెప్పలేదయ్యా అని ఏడ్చుకుంట అడిగిన.

"చెప్పిన. మూడుసార్లు చెప్పిన. నువ్వు చప్పట్లు కొట్టినవ్," అన్నడు.

తెల్లారే డాక్టరమ్మ కాడికి తోల్కపోయిన. ఆమె ఈయనను నూరుల నుంచి ఏడు, మళ్ళ ఏడు తీసుకుంట పొమ్మన్నది. తొంభై మూడు అన్నడు, ఎనభై ఆరు అన్నడు, ఇగ ఆగిపోయిండు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. రక్తం పరీక్షలు, తలకాయ ఫోటో గూడ తీపిచ్చింది. అన్ని చూసి, పెద్ద బీమారి ఏం లేదన్నది. కరోనా పోయినా మెదడు మీద దాని అలసట కొందరికి నెలల కొద్ది ఉంటదట. మతిమరుపు, భయం, నిద్ర పట్టకపోవుడు అన్ని దానియేనట. జర టైం పట్టినా చానమందికి నయమైతదన్నది. నిద్రకు, భయానికి మందులు రాసింది. ఒక్కసారి ఒక్క పనే చెయ్యాలె, అలిసిపోకముందే ఆగాలె అని చెప్పింది.

బయటికొచ్చి చెట్టు కింద బండ మీద కూసున్నడు. పిచ్చి కాదట అన్నడు. కొంచెం సేపటికి మళ్ళ పిచ్చి కాదట అన్నడు. తనను పిచ్చి దవాఖానల ఏస్తరని ఇన్ని నెలలు ఆయన లోపల లోపల కుమిలిండని నాకు గప్పుడు తెలిసింది. ఆనాడు సాయంత్రం అన్నం రెండుసార్లు ఏయించుకొని తిన్నడు.

ఇగ బోర్డు ముచ్చట. ఇప్పుడు జబ్బు నిజమే గద, అబద్ధమేం లేదు, పోదాం అన్న నేను. బిడ్డ బతుకు కండ్ల ముంగట కనవడుతుంటె ఏ తల్లి ఊకుంటది? ఆయన తల అడ్డంగ ఊపిండు.

"కాయితం మీద అన్‌ఫిట్ అని రాస్తె, ఇగ పనికిరానని నేనే నమ్ముత జమునా. నన్ను జర నయం గానియ్యి."

తిరుమల గూడ బాపు దిక్కే మాట్లాడింది. నా నౌకరి నేను తెచ్చుకుంట, బాపును ఒత్తిడి పెట్టకు అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. రెండు దినాలు ఇద్దరితోని మాట్లాడలేదు. మూడో దినం నేనే పోయి అర్జీ వాపసు తీసుకున్న.

నయమైంది గని, సిన్మాల చూపెట్టినట్టు కాదు. ఒక వారం మంచిగుంటె ఒక వారం మొదటికొచ్చేది. జర ఎక్కువ నడిచినా, నలుగురిల కూసున్నా, తెల్లారి మంచంలకెళ్ళి లేవకపోయేది. నేను నోరు కట్టేసుకునుడు నేర్సుకున్న, అదే నాకు పెద్ద కష్టం. తిరుమల రోజు ఎక్కాలు అప్పజెప్పిచ్చుకునేది. సరిగ్గ పది నెలలకు, అంగడికెళ్ళి వచ్చి, నేను చెప్పిన ఐదు వస్తువులు తెచ్చి, ఇంట్ల నిండుకున్న ఆరోది నేనే చెప్పుడు మరిచిన్నని నన్నే తిట్టిండు. ఆ తిట్లు తింటుంటె నాకు కడుపు నిండినట్టయింది.

పోయిన నెల దవాఖానల మళ్ళ చూసి ఫిట్ అని రాసిన్రు. కొన్ని దినాలు పక్కన ఇంకో డ్రైవర్‌ను పెట్టి, నిన్న మిషిన్ ఆయన ఒక్కనికే ఇచ్చిన్రు. నేను పొద్దటి సంది పొయ్యి ముట్టియ్యలేదు. రెండింటికి నజీర్ అన్న పైకొచ్చి ఫోన్ చేసిండు. ఒక్క గంట గూడ తప్పలేదు భాభీ అన్నడు. ఫోను పెట్టేసి గడపల కూసొని ఏడ్చిన.

సాయంత్రం ఆయనకు అన్నం పెట్టుకుంట, నా తప్పు చెప్పుకోవాలె అనుకున్న. ఆ దినాలన్ని ఆయనకు సోయి లేదు గద, నేనేమన్ననో యాదికుండదని నా ధైర్యం. గప్పుడు నువ్వు యాక్షన్ చేస్తున్నవనుకున్నయ్యా అన్న.

ఆయన తల ఎత్తకుంట ముద్ద కలుపుకుంట అన్నడు:

"తెలుసు. మీ చెల్లె రమతోని ఫోన్ల చెప్పినవ్. వాకిట్ల దండెం కాడ నిలవడ్డవ్, పచ్చ చీర కట్టుకున్నవ్. మా ఆయన సిన్మాలల్ల ఉండాల్సినోడు బాయిల పడ్డడే అని నవ్వినవ్. నేను కిటికీ కాడ్నే ఉన్న."

నాలుక కరుసుకున్న. భూమి పగిలితె అందుల పోదునేమో. గని ఆ వెంటనే ఇంకోటి తట్టింది. దండెం యాదున్నది. చీర రంగు యాదున్నది. నేనే మరిచిన మాట, ఒక్క ముక్క పోకుంట ఆయనకు యాదున్నది.

"ఇంకేమన్న?" అని అడిగిన.

ఆయన ఒక్కొక్కటే చెప్పవట్టిండు. నేను ఇంక జరంత అన్నం ఏసి, ఆయన ముంగట కూసొని అన్ని ఇన్న.