ఎర్ర చుక్క పడిన సముద్రం

పళ్ళ డాక్టరు గ్యాలరీలోకి అడుగు పెట్టి, తన బొమ్మ వైపు చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు.

బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉంది.

కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చుక్క అక్కడే ఉంది. చొక్కా బొత్తాం అంత కాగితం స్టిక్కరు. దానర్థం ఒక్కటే. అమ్ముడుపోయింది!

ఒకప్పుడు నీళ్ళ మీటర్లు బాగుచేసే షెడ్డు అది. గోడలకి సున్నం కొట్టి, దీపాలు వేలాడదీసి, ఊళ్ళోని చిత్రకారులంతా దాన్ని కళామందిరం చేసుకున్నారు. వర్షం పడితే ఇప్పటికీ తుప్పు వాసన వస్తుంది. ఏటా ఎగ్జిబిషన్ పెడతారు. ఎవరి బొమ్మలు వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి చుట్టాలు వాళ్ళని మెచ్చుకుంటారు. ప్రెసిడెంటు గుర్రాలు వేస్తాడు. ఆ గుర్రాలు ఎప్పుడూ గడ్డిలోనే నిలబడి ఉంటాయి, ఎందుకంటే ఆయనకి గిట్టలు వేయడం రాదు. సెక్రటరీ మేడం హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఆవిడ పూలజాడీలు వేస్తుంది. పూలన్నీ అసెంబ్లీలో పిల్లల్లా నిటారుగా నిలబడతాయి. డాక్టరు క్లినిక్ మూసేశాక సముద్రాలు మొదలుపెట్టాడు. ఆయన అలల్లో నురుగు పలువరసలా ఉంటుందని అందరూ ఆయన లేనప్పుడు నవ్వుకుంటారు.

ఏళ్ళ తరబడి గుర్రాలకి చుక్కలు పడ్డాయి, జాడీలకి పడ్డాయి, ఆఖరికి ఎవరో వేసిన ఉడకబెట్టిన గుడ్డుకి కూడా పడింది. సముద్రానికి మాత్రం ఎప్పుడూ పడలేదు.

ఈసారి పడి తీరాలి. ఎందుకంటే డాక్టరు భార్య పరదాలు కుడుతుంది. ఆవిడ కుట్టు మెషిను వంటింట్లో, కత్తిరించే బల్ల మంచం పక్కన ఉన్నాయి. వెలుతురు బాగా వచ్చే ముందు గదిలో సముద్రాలున్నాయి. వారం కిందట ఆవిడ గుమ్మంలో నిలబడి తేల్చేసింది.

"ఏమండీ, ఇదే ఆఖరు. ఈసారి ఎవరైనా బయటివాళ్ళు ఒక్క బొమ్మ కొన్నారా, ఆ గది మీది. జన్మలో అడగను. లేదా, ఎగ్జిబిషన్ అయిన మర్నాడు నా బల్ల అందులోకి వస్తుంది. మీరు బాల్కనీలో వేసుకోండి, గాలి కూడా వస్తుంది."

బాల్కనీలో గాలే కాదు, పై అంతస్తువాళ్ళు ఆరేసిన బట్టల నీళ్ళు కూడా వస్తాయి.

డాక్టరు ఫోన్ తీశాడు. "అమ్ముడుపోయింది!!!" అని భార్యకి మెసేజ్ కొట్టాడు.

వెంటనే జవాబు వచ్చింది. "వస్తున్నా. నా కళ్ళతో చూడాలి."

భుజం మీద చెయ్యి పడింది. బావమరిది! ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే మనిషి, చెవుల దాకా నవ్వుతున్నాడు.

"ఎలా ఉంది బావా చుక్క?"

"ఎవరో కొన్నార్రా!"

"ఎవరో ఏంటి, నేనే."

"నువ్వు కొన్నావా?"

"కొనడమేంటి నా మొహం. అంటించాను. మేడం టీకి వెళ్ళినప్పుడు సొరుగులోంచి ఒకటి లాగాను. గది నిలబెట్టానా లేదా? పార్టీ ఎప్పుడు?"

డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్, ఇది మోసంరా! ఇంతమంది నిజంగా అమ్ముకునే చోట..."

"నిజంగానా?" బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, ఇన్నాళ్ళూ నువ్వు ఇవన్నీ నిజమనుకున్నావా? నేను సొరుగు తెరిస్తే చుక్కల షీటు దాదాపు ఖాళీ. తలుపులు తెరవకముందే ప్రెసిడెంటు తన గుర్రాలకి తనే పెట్టుకున్నాడు. జాడీకి మేడం చెల్లెలు పెట్టింది. గుడ్డు సంగతి అడక్కు, వాళ్ళావిడే. బొమ్మలు పోతున్నట్టు కనిపిస్తే కొనేవాడు వస్తాడని మేడం లెక్క. చుట్టూ చూడు, చుక్క లేని బొమ్మ ఒక్కటి చూపించు."

డాక్టరు చూశాడు. ఒక్కటి కూడా లేదు. అయినా ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. చుక్క పడిన బొమ్మని ఎవరు కొన్నారని అడగడం ఆ గ్యాలరీలో అవతలివాడి జీతం అడగడం కన్నా పెద్ద తప్పు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

లోపలికి వచ్చినావిడని ఎవరూ ఎరగరు. అంటే ఎవరి చుట్టమూ కాదు! హాలంతా ఒక్కసారి సర్దుకుంది. చేతిలో ఆకుపచ్చ గొడుగు, మెడలో తాళాల గుత్తి. నేరుగా సముద్రం దగ్గరికి వెళ్ళింది. ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసింది.

"ఇది కావాలి నాకు," అంది.

సెక్రటరీ మేడం పరుగులాంటి నడకతో వచ్చింది. "సారీ అండీ. ఎర్ర చుక్క ఉంది చూశారా? అమ్ముడుపోయింది."

"అయ్యో. పోనీ ఆ గుర్రాలు?"

"అవీ పోయాయి."

"ఆ జాడీ?"

మేడం తన జాడీ వైపు చూసింది. "అదీ... పోయింది."

"మరి ఏముందండీ మీ దగ్గర? నడుంనొప్పులకి సెంటర్ పెడుతున్నా. వచ్చినవాళ్ళు కూర్చునే చోట గోడ బోసిగా ఉంది. డబ్బు పట్టుకుని వచ్చాను, కొననివ్వరేంటి?"

ప్రెసిడెంటు గుర్రాల పక్కనే నిలబడి ఉన్నాడు. గుడ్డు వేసినాయన చెమట తుడుచుకున్నాడు. ఎగ్జిబిషన్లు పెట్టడం మొదలయ్యాక ఆ షెడ్డులోకి నిజంగా కొనే మనిషి రావడం ఇదే మొదటిసారి. ఆవిడకి అమ్మడానికి అక్కడ ఒక్క బొమ్మ లేదు! నాది అబద్ధపు చుక్క అని ముందుగా ఒప్పుకునేదెవరు?

గొడుగావిడ తలుపు వైపు తిరిగింది.

డాక్టరు ఆవిడ వెనక దూకినంత పని చేశాడు.

"ఆగండమ్మా! సముద్రం అమ్ముడుపోలేదు."

"డాక్టరూ!" ప్రెసిడెంటు అరిచాడు.

"అది మా బావమరిది అంటించాడు. ఎవరూ కొనలేదు." గోడ దగ్గరికి వెళ్ళి, చుక్క కింద గోరు పెట్టి, ఒక్క లాగు లాగాడు. పళ్ళ మీది గార తీసిన చెయ్యి. చుక్క చిరగకుండా వచ్చేసింది. దాన్ని జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు కొనండి."

"కొంటాను. ఈ నీలం మా కుర్చీలకి అచ్చంగా సరిపోయింది," అందావిడ.

కుర్చీలైతే కుర్చీలు, అనుకున్నాడు డాక్టరు.

"బొమ్మలు ఆదివారం దాకా గోడ దిగవు," అంది మేడం, చలి పుట్టించే గొంతుతో. "డబ్బు కూడా ఆరోజే. అదీ ఇక్కడి పద్ధతి."

"ఆదివారం మా మనిషిని వ్యానుతో పంపిస్తా." ఆవిడ గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

"మేడం, ఒక చుక్క ఇవ్వండి," అన్నాడు డాక్టరు. "నిజంగా అమ్ముడుపోయింది కదా."

మేడం సొరుగుకి తాళం వేసి, తాళంచెవి చేతిసంచిలో పడేసుకుంది. "పీకిన చోట మళ్ళీ చుక్క పెట్టం. గ్యాలరీ పరువు తీసినవాళ్ళకి అసలే పెట్టం."

"చిరిగిందా ఏమిటి, జేబులో ఉందిగా!" డాక్టరు జేబులో చెయ్యి పెట్టాడు. చుక్క లోపలి గుడ్డకి అతుక్కుని, నూగు పట్టి, దేనికీ అంటని ఉండలా తయారై వచ్చింది.

భార్య లోపలికి వచ్చింది.

గుమ్మంలోంచే హాలంతా కలయజూసింది. గుర్రాలకి చుక్క. జాడీకి చుక్క. గుడ్డుకి చుక్క. మొత్తం షెడ్డులో చుక్క లేనిది ఒక్క సముద్రమే.

"ఇదేనా అమ్ముడుపోవడం?"

"నిజంగా కొన్నారే! ఆకుపచ్చ గొడుగావిడ! ఇప్పుడే వెళ్ళింది!"

"చుక్క ఏదీ?"

"పీకేశాను."

"అమ్ముడుపోయిందని చుక్క పీకేశారా?"

"అది కాదక్కా," బావమరిది అడ్డం వచ్చాడు. "ముందు చుక్క అబద్ధం. అది నేను పెట్టా. తరవాత కొన్నది నిజం."

"నువ్వు నోర్ముయ్. కాలు విరిగినవాడికి తల ఇన్సూరెన్సు అమ్మినవాడివి." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "గది కోసం ఇద్దరూ కలిసి నాటకమా? మరీ ఇంత దిగజారాలా?"

డాక్టరు హాలు వైపు చూశాడు. "మీరంతా ఇక్కడే ఉన్నారుగా. ఎవరైనా చెప్పండి."

అందరూ ఒక్కసారిగా తమ తమ బొమ్మల్లో లోపాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటు మాత్రం ముందుకొచ్చాడు, పరామర్శకి వచ్చినవాడిలా.

"చెల్లెమ్మా, డాక్టరు గారిని ఏమనకండి. అందరి బొమ్మలూ అమ్ముడుపోతే మనిషికి బాధగానే ఉంటుంది. కళన్నాక ఓపిక ఉండాలి."

డాక్టరుకి ఉన్న ఓపిక కాస్తా అయిపోయింది. ఆయన గబగబా నడిచి గుర్రాల ముందు నిలబడ్డాడు. వాటి పక్కనున్న చుక్క కింద గోరు దూర్చాడు.

"ఏయ్! ఏం చేస్తున్నారు?"

"ఇది ఎవరు కొన్నారో చెప్పండి, ఆపేస్తా."

"అది... ఒక పెద్దాయన. పేరు చెప్పొద్దన్నాడు."

టక్. చుక్క ఊడింది.

డాక్టరు జాడీ దగ్గరికి వెళ్ళాడు. మేడం అడ్డం నిలబడింది. "ఎవరు కొన్నారు మేడం?" అని అడిగాడు. ఆవిడ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల వైపు చూసింది. మేడం పక్కకి జరిగింది. టక్. గుడ్డాయన తన చుక్క తనే ఊడదీసి డాక్టరు చేతిలో పెట్టాడు. ఇక ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావాలంటే కొన్నవాడి పేరు చెప్పాలి. టక్, టక్, టక్.

డాక్టరు భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. సగం హాలు అయ్యేసరికి ఆవిడకి అర్థమైపోయింది.

"అన్నయ్యగారూ," అని పిలిచింది ప్రెసిడెంటుని. "అయితే ఆకుపచ్చ గొడుగావిడ వచ్చిందా, రాలేదా?"

ప్రెసిడెంటు గోడల వైపు చూశాడు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"వచ్చింది," అన్నాడు, పన్ను పీకించుకున్నంత కష్టంగా. "సముద్రం కొంది."

"చాల్లెండి, ఆపండి ఇక," అందావిడ మొగుడితో. "ఇంటికి పదండి."

"గది?" డాక్టరు చేతినిండా ఎర్ర చుక్కలతో అలాగే నిలబడ్డాడు.

"మీదే. ఈ షెడ్డు మొత్తానికి బొమ్మ అమ్మినవాళ్ళు మీరొక్కరే. మిమ్మల్ని బాల్కనీలో కూర్చోబెడితే నా పరువేం కావాలి?"

వాళ్ళు గుమ్మం దాటగానే ప్రెసిడెంటు తలుపు వేసి, కమిటీని అత్యవసరంగా సమావేశపరిచాడు. గుర్రాలకి గిట్టలు వేయడం నేర్చుకుందామనో, కొనేవాళ్ళకి నచ్చేవి వేద్దామనో ఎవరూ అనలేదు. ఒక్క తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా జరిగింది.

వచ్చే ఎగ్జిబిషన్‌కి, గోరుతో గీకినా ఊడని చుక్కలు తెప్పించాలి.