ఇంకొంచెం దగ్గరికి

గాలిపటానికి కెమెరా కట్టి ఆకాశంలోకి పంపే మనిషిని ఏమని పిలవాలి? వీధిలోవాళ్ళు గాలోడు అనేవారు. సొంత అన్నయ్య పనికిమాలినోడు అనేవాడు. వదిన ఒక్కతే, "పోనిద్దురూ, తాగుడా, పేకాటా? గాలేగా!" అని వెనకేసుకొచ్చేది. ఆ పటాలు కుట్టిపెట్టిందీ ఆవిడే. గాలోడు ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పనిచేసేవాడు. అక్కడ మిగిలిన పల్చటి గుడ్డముక్కలు తెచ్చి ముందు పడేస్తే, మిషను మీద మనిషంత పటం కుట్టి చేతిలో పెట్టేది. అదంతా ఆవిడకి జబ్బు చేయకముందు మాట.

ఈ విద్యలో ఒక తిరకాసుంది. పటం పైకెక్కి నిలదొక్కుకున్నాక, దారానికి చిన్న ఉయ్యాల లాంటిది కట్టి, అందులో కెమెరా పెట్టి వదులుతారు. అది తనంతట తనే ఫోటోలు తీసుకుంటూ పోతుంది. ఏం తీస్తోందో కింద దారం పట్టుకున్నవాడికి తెలియదు. దించాక ఇంటికొచ్చి, కుప్పలో గింజ ఏరుకున్నట్టు ఏరుకోవాలి. అందుకే గాలోడు, "నేను తీయలేదండీ, గాలి తీసింది" అని మహా వినయంగా చెప్పేవాడు. ఆ వినయంలో ఎంత సుఖముందో చూడండి! బాగుంటే పేరు తనకి, తేడా వస్తే తప్పు గాలికి.

వాడికున్న ఆకలల్లా ఒక్కటే, నలుగురూ శెభాష్ అనాలి. ఇలా పైనుంచి తీసేవాళ్ళ గుంపు ఒకటి నెట్‌లో ఉంది. అక్కడ ఫోటో పెట్టి "లోపాలు చెప్పండి" అని అడిగితే చేయి తిరిగినవాళ్ళు చెబుతారు. గాలోడు పెట్టిన పొలాలకీ, చెరువులకీ ఎవరూ కిక్కురుమనలేదు. ఎవరో ఒకాయన మాత్రం "ఇందులో ప్రాణం లేదు తమ్ముడూ" అని రాసి పోయాడు. ఆ మాట వాడి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

చలికాలంలో ఓ సాయంత్రం షాపులో కరెంటు పోయింది. గాలోడు గోడౌన్ల వెనక మైదానానికి పోయి పటం ఎగరేశాడు. గాలి ఉన్నట్టుండి తిరిగి పటాన్ని ఇళ్ళ మీదికి ఈడ్చుకుపోయింది. కంగారుగా లాగి దించి, ఫోటోలు చూసుకుంటే అన్నీ డాబాలే. పైనుంచి చూస్తే డాబాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏ ఇల్లు ఎవరిదో దేవుడికే తెలియాలి. ఒకదాంట్లో మాత్రం, నీళ్ళ ట్యాంకు వెనక ఇరుకులో దుప్పటి కప్పుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. నున్నటి గుండు. పక్కన పొడుగ్గా నీడ. ఎవరో ముసలాయన ఎండ కాగుతున్నాడనుకున్నాడు గాలోడు. ఇదిగో ప్రాణం, అనుకుని గుంపులో పెట్టాడు.

ఈసారి పలికారు. తీగలూ గోడలూ ఎందుకు, కత్తిరించెయ్ అన్నారొకరు. కత్తిరించాడు. నీడ నిలువుగా వచ్చేలా ఫోటోని తిప్పమన్నారు. తిప్పాడు. రంగులు తీసేసి నలుపూ తెలుపూ చెయ్యమన్నారు. చేశాడు. "ఇంకొంచెం దగ్గరికి" అన్నారు. చివరికి దుప్పటీ, గుండూ, నీడా మిగిలాయి. గుంపు గుంపంతా నెత్తికెత్తుకుంది. ఆ వారానికి మేటి ఫోటో అని పేజీ పైన తగిలించారు. గాలోడు మునగచెట్టెక్కి కూర్చున్నాడు.

ఆదివారం అందరూ భోజనాల దగ్గరుండగా ఫోను తీసి మరీ చదివి వినిపించాడు.

"విను వదినా, ఒకాయనేమో 'ఎండలో ఆరబెట్టిన గుడ్డు' అన్నాడు. ఇంకొకాయన 'ఆమ్లెట్ అయ్యేలోపు తీసెయ్యండి' అంటాడు!"

అన్నయ్య ఫోను వైపు చూడనైనా చూడకుండా, నోట్లో ముద్దతోనే పొలమారేట్టు నవ్వాడు. వదిన ఫోను అందుకుంది. తలకి కట్టుకున్న స్కార్ఫు కొస సర్దుకుంటూ చాలాసేపు చూసింది.

"బాగుంది. కాస్త దూరంగానే ఉంచితే బాగుండేదేమో."

"నీకు తెలీదులే వదినా, అందరూ దగ్గరికే తెమ్మన్నారు."

"అంతేనేమోలే" అని ఫోను ఇచ్చేసి, కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

రెండ్రోజులకి గుంపు పెద్ద నుంచి కబురొచ్చింది: మొదటి ఫోటో కూడా పక్కన మళ్ళీ పెట్టు, కొత్తవాళ్ళు పోల్చి చూసి నేర్చుకుంటారు. గాలోడు షాపులో, బ్యానర్లు చూసుకునే పెద్ద తెర మీద అసలు ఫోటో తెరిచాడు. రంగులతో, తిప్పకముందు ఉన్నట్టే వచ్చింది. ఫోనులో ఆననివన్నీ ఇప్పుడు తేటగా కనబడ్డాయి. ట్యాంకుకి నల్లటి అతుకుంది. కారుతోందంటే తనే వేసిన అతుకు. తీగ మీద షాపువాళ్ళు ఇచ్చిన తన చొక్కా ఆరుతోంది. పిట్టగోడ మీద, ఎగిరిపోకుండా రాయి బరువు పెట్టి, పూల స్కార్ఫు.

ఆస్పత్రి మందులకి వదిన జుట్టంతా ఊడిపోయింది. ఆ తల అన్నయ్య తప్ప ఎవరూ చూడలేదు. ఒకే ఇంట్లో ఉన్నా గాలోడి ముందు ఆవిడ స్కార్ఫు విప్పిన రోజు లేదు. అలాంటి తలని తనే లోకం ముందు పెట్టి, లోపాలు చెప్పండని అడిగాడు. జోకులు ఆవిడకే చదివి వినిపించాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారే, ఆ కాకి తనే! సిగ్గుతో వాడికి తల కొట్టేసినట్టయింది. పక్కనున్నవాళ్ళు చూస్తారేమోనని గబుక్కున తెర ఆర్పేశాడు.

వెంటనే ఫోటో తీసేశాడు. పేజీ పైనున్నది తీసెయ్యమని గుంపు పెద్దని బతిమాలాడు. "ఎవరో ముసలాయనేగా, మొహమైనా కనబడటం లేదు. ఎందుకంత గాభరా?" అన్నాడాయన. నిన్న తననడిగితే తనూ అదే మాట అనేవాడు. అది గుర్తొచ్చి వాడికి ఇంకా అసహ్యం వేసింది. చివరికి ఆయన తీసేశాడు గానీ, ఈలోపు ఎందరు దాచుకున్నారో ఎవరికి తెలుసు?

పని మధ్యలో ఇంటికి పోయాడు. బయట ఎండ బాగానే ఉన్నా వదిన గదిలోనే ఉంది. కిటికీ మూసి, స్కార్ఫు బిగించి కట్టుకుని, దిండు గలీబుకి అంచు కుడుతోంది.

"అప్పుడే వచ్చేశావే! మళ్ళీ కరెంటు పోయిందా?"

"ఆ ఫోటో తీసేశాను వదినా."

సూది ఆగలేదు. "ఎందుకూ? అందరికీ నచ్చిందిగా."

"నాకు తెలీదు వదినా, ఒట్టు. గాలి తిరిగిపోయి..."

"తెలుసులే. గాలి తీసింది."

తిట్టినా బాగుండేది. గాలోడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఆవేళే చెప్పుంటే అప్పుడే తీసేసేవాణ్ణి కదా."

"ఏమని చెప్పను? మీ అన్నయ్య పగలబడి నవ్వుతుంటే, ఆ గుడ్డు నేనేనండీ అనా?"

వాడికి ఏడుపొచ్చింది. "తప్పయిపోయింది వదినా. ఇంక ఎగరెయ్యను. ఆ పటం చింపి పారేస్తాను."

"చింపావంటే ఊరుకోను. నడుం పడిపోయేలా కుట్టాను దాన్ని." దారం కొరికి, గలీబు పక్కన పెట్టింది. "ఈ గుడ్డ కింద తల ఉడికిపోతుందిరా. గదిలో తీద్దామంటే ఎవరో ఒకరు తలుపు తోసుకొస్తారు. ఆ ట్యాంకు వెనకైతే ఏ కిటికీలోంచీ కనబడను. ఎంత వెతికితే దొరికిందో ఆ చోటు! అన్ని వైపులా చూసుకున్నాను గానీ, పైకి చూడాలని తోచలేదు."

గాలోడు కిటికీ తెరవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళీ వెళ్దామని నిన్న మెట్లదాకా వెళ్ళాను. కాళ్ళు రాలేదు. ఇప్పుడు నన్నెక్కడ కూర్చోమంటావు, చెప్పు?"

దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. వాడేదైనా చోటు చెబుతాడేమోనని మొహంలోకి చూస్తూ కూర్చుంది.