గంగికి వాన నీళ్ళు

పురుషోత్తమ్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, చివర్లో చెబితే ఎవరూ నమ్మరు. గూళూరు దగ్గరి ఆ ఊళ్ళో ఎవరినైనా అడగండి, బోరు మోటారు కాలిపోయిందని ఫోన్ చేస్తే పండగ పూటైనా వచ్చి విప్పే మనిషి అంటారు. బాగేపల్లి బస్టాండు వెనక అతనికి మోటార్ల వైండింగ్ షాపు ఉంది. తాగడు, పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. ఉన్న రోగం ఒక్కటే. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారనుకుంటే చాలు, నోరు పెగలదు. అదేదో మంచితనమని అతను అనుకునేవాడు, ఊరు కూడా అనుకునేది.

భార్య వినుత అతని సొంత అక్క కూతురే. పుట్టిల్లు చింతామణి. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మూడుసార్లు కడుపు వచ్చింది, మూడుసార్లూ పోయింది. మూడోది ఐదో నెలలో, పోయిన శ్రావణంలో, చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో పోయింది. ఇంటికి తీసుకొచ్చిన రోజు వినుత గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినేది, లెమ్మంటే లేచేది, ఆ పని కాగానే మళ్ళీ గోడవైపే. అలా రెండు నెలలు. పురుషోత్తమ్ షాపుకు పోయి వచ్చేసరికి పొద్దున చూసిన వీపే సాయంత్రమూ కనబడేది. ఆ వీపంటే అతనికి భయం పట్టుకుంది.

దీపావళి ముందు ముసురు పట్టినప్పుడు వినుత బాత్రూములోంచి పిలిచింది. “మామా, ఈడికి రా. గోడ మీద కప్ప ఉండాది.”

రెండు నెలల్లో తనంతట తాను అన్న మొదటి మాట అది. పురుషోత్తమ్ చీపురు పట్టుకుని పరుగెత్తాడు. వినుత అడ్డం నిలబడింది. చెట్టు కప్ప. పచ్చగా ఉంటుందనుకునేరు, ఇది పాత చెక్క రంగులో ఉంది. వేళ్ళ చివర చిన్న చిన్న బిళ్ళలు, వాటితో గోడకు అతుక్కుని కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. గొంతు కింద మాత్రం చర్మం ఆగకుండా కొట్టుకుంటోంది.

“ఉండనీ,” అంది వినుత. “యాడికి పోవల్లో తెలీక వచ్చినట్టుండాది.”

అలా ఉండిపోయింది. పేరు గంగి. పగలంతా నీళ్ళ హండా వెనక, చీకటి పడితే కిటికీ మీద. వినుత లేచి ట్యూబులైటు కింద పురుగులు పట్టి దానికి వేసేది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని బానలో నిలవబెట్టి, తేరిన నీళ్ళు పళ్ళెంలో పెట్టేది. దాని కోసం లేచిన మనిషి పొయ్యి వెలిగించింది, తల దువ్వుకుంది, ఒకరోజు పక్కింటి పిల్లకు జడ కూడా వేసింది. నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వనీండి, పురుషోత్తమ్‌కు ఏం పోయింది? రోజూ ఇంటికి రాగానే ముందు బాత్రూములోకి తొంగి చూసి, గంగి ఉందని చూసుకుని, ఆ తర్వాతే చెప్పులు విప్పేవాడు. గంగి ఉందంటే వినుత ఉన్నట్టే. ముట్టుకోవడానికి మాత్రం వినుత ఒప్పుకునేది కాదు. “నీ చేతుల నిండా వార్నిషే. దాన్ని ముట్టొద్దు మామా,” అనేది.

ఈ ఏడు ఆషాఢం సగమైనా చినుకు లేదు. శనక్కాయలు విత్తడానికి దున్నిపెట్టిన చేలు దున్నినట్టే ఉన్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు కప్పను ఊరేగించాలనుకున్నారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి, ఇంటింటికీ మోసుకుపోతే ప్రతి ఇల్లాలూ దాని మీద చెంబెడు నీళ్ళు పోసి పసుపూ కుంకుమా వేస్తుంది. వాన కోసం ఆ వైపు ఎప్పటినుంచో చేసే పనే. అయితే కుంటలన్నీ ఎండిపోయి, ఊరంతా వెతికినా కప్ప దొరకలేదు. దొరికే కప్ప ఎవరింట్లో ఉందో ఊరంతటికీ తెలుసు.

తెలిసి కూడా వాళ్ళు వినుత ఇంట్లో ఉండగా రాలేదు. తల్లికి ఒంట్లో బాగాలేదని ఆమె చింతామణి బస్సెక్కిన రోజు చూసుకుని వచ్చారు. ముందు లక్ష్మీదేవమ్మ, వీధి చివరింటి పెద్దావిడ, వెనక మరో ఆరుగురు.

“గంట సేపప్పా పురుషోత్తమా, మళ్ళీ తెచ్చిచ్చేస్తాము,” అంది లక్ష్మీదేవమ్మ.

“వినుత లేదు గదమ్మా. రేపు వస్తాది. అడిగి...”

“అందుకే ఈ పొద్దు వచ్చినాము.” ఆమె గొంతు తగ్గించింది. “ఆయమ్మ ఉంటే తనూ రోకలి పడతానంటాది. మూడు పోయినాయి గదప్పా. మంచి పనికి ఆ చెయ్యి ఎట్ల పెట్టిస్తాము, నువ్వే చెప్పు.”

చెప్పాల్సింది అప్పుడే. ఆ చేతికేం తక్కువని అడగాల్సిన మొగుడు, చిక్కబళ్ళాపురం డాక్టరు “సొంతంలో చేసుకున్నారా?” అని అడిగితే తలదించుకున్న మొగుడు, వాకిట్లో ఏడుగురు ఆడవాళ్ళ ముందు నిలబడి మెడ గోక్కున్నాడు. వానకు అడ్డం పడినాడంటారని భయం. గంటే కదా అనే ధైర్యం. పక్కకు తప్పుకున్నాడు. అంతే.

గంట అన్నది నాలుగు గంటలైంది. సాయంత్రం రోకలితో సహా తెచ్చి వాకిట్లో దించారు. గంగి పసుపు ముద్దలో కూరుకుపోయి ఉంది. దారం కట్టిన కాలు వాచింది, ఒళ్ళంతా కుంకుమ ఎండి అట్టలు కట్టింది. కానీ బతికే ఉంది.

అప్పుడైనా ఊరికే నీళ్ళలో పెట్టి ఉంటే ఏమయ్యేదో. వినుత వచ్చేసరికి పసుపు కనబడకూడదు. అతనికి అదొక్కటే పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ సాయంత్రం గ్రీసూ వార్నిషూ సబ్బుతో వదిలించుకునే మనిషి. మరకంటే సబ్బు, ఇంకో ఆలోచన రాదు అతనికి. బట్టల సబ్బు తీసుకుని గంగిని అరచేతిలో పెట్టుకుని రుద్దాడు. సబ్బు తగలగానే పసుపు ఎర్రబారింది. నెత్తురేమోననుకుని ఇంకా రుద్దాడు. ఎరుపంతా పోయేదాకా రుద్దాడు. చేతిలో అది ఒకసారి నోరు తెరిచి మూసింది. కడిగి, గంగిని హండా వెనక పెట్టి, సబ్బును దాని చోట పెట్టేశాడు.

వినుత మర్నాడు మధ్యాహ్నం దిగింది. సంచి వాకిట్లోనే పెట్టి, మొహం కడుక్కుని నేరుగా గంగి దగ్గరికి పోయింది.

“మామా, గంగి ఎట్లనో ఉండాది.”

“ఎండకేమో,” అన్నాడు పురుషోత్తమ్.

గంగి గోడ మీద లేదు, నేల మీద ఉంది. కాళ్ళు ముడుచుకోలేదు. చర్మం అక్కడక్కడా తెల్లగా పొరలు లేచింది. వినుత రెండు చేతుల్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉండి, తన చేతులు వాసన చూసుకుంది.

సాయంత్రం ఐస్‌క్రీమ్ డబ్బాలో తడిగుడ్డ వేసి, గంగిని అందులో పెట్టుకుని బండి వెనక కూర్చుంది. బాగేపల్లి పశువుల ఆస్పత్రిలో ఆవులవాళ్ళూ మేకలవాళ్ళూ డబ్బాలోకి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆమె మాత్రం నవ్వలేదు. తనకు కప్పల వైద్యం తెలియదని చెప్పి, బెంగళూరులో తెలిసినవాళ్ళెవరికో ఫోన్ చేసి, చెవికి ఫోన్ పెట్టుకునే అడిగింది.

“కప్పకు చర్మమే ఊపిరి అమ్మా. నీళ్ళు తాగేదీ దాంతోనే. చర్మానికి ఏమన్నా తగిలిందా? ఫినాయిలు, పొలం మందు, సబ్బు?”

పురుషోత్తమ్ గోడ మీది గాలికుంటు రోగం పోస్టరు చూస్తున్నాడు. నేనే అనాలి. రెండక్షరాలు. నోట్లోకి వచ్చాయి కూడా. వినుత మొహం చూశాడు. ఆ మొహం మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనన్న భయంతో మింగేశాడు.

“నేనే డాక్టర్,” అంది వినుత.

అతను ఉలిక్కిపడ్డాడు.

“బస్సు దిగి సబ్బుతో మొహం కడుక్కుంటి. ఆ తడి చేతుల్తోనే ఎత్తుకుంటి. దాని ఒంటి మీద సబ్బు వాసన వచ్చె. నా చేతులదే.”

“అంత మాత్రానికి ఇంత కాదే,” అంది డాక్టరమ్మ అనుమానంగా. “అంతకు ముందు ఏమీ తగల్లేదా? ఇంట్లో ఎవరైనా?” ఆమె పురుషోత్తమ్ వైపు చూసింది.

“లేదు,” అన్నాడు పురుషోత్తమ్.

చూశారా, మంచివాడి నోరు ఎంత సులువుగా తిరిగిందో. నిజమంటే పెగలని గొంతులోంచి అబద్ధం దగ్గు కూడా లేకుండా వచ్చింది.

డాక్టరమ్మ మందేమీ రాయలేదు. లోతు బోరు నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ, అవి వద్దు, వాన నీళ్ళు దొరికితే మంచిది, గంటకోసారి మార్చండి అని చెప్పింది. సబ్బు నిన్ననే బాగా పట్టి ఉంటే వెంటనే గంటల తరబడి మంచినీళ్ళతో కడగాల్సింది అని కూడా అంది. ఆ మాట వినుత వినలేదు, డబ్బాలోకి చూస్తోంది. పురుషోత్తమ్ విన్నాడు.

ఆ కరువులో వాన నీళ్ళంటే యాడ దొరుకుతాయి? పురుషోత్తమ్ మర్నాడు షాపు తెరవలేదు. చాకవేలులో పిళ్ళప్ప అనే పాత గిరాకీ ఉన్నాడు, మేడ మీది వాన నీళ్ళను తొట్టిలోకి దింపుకుని ఏడాదంతా తాగడానికి దాచుకునే మనిషి. ఇరవై మైళ్ళు ఎండలో బండి తోలుకుపోయి అడిగాడు.

“ఎవరికప్పా, ఇంట్లో బాగలేదా?” అన్నాడు పిళ్ళప్ప.

“అవునన్నా. ఇంట్లోనే,” అన్నాడు పురుషోత్తమ్. ఒక్క క్యాను పట్టి ఇచ్చాడు ఆయన, తొట్టి అడుగున ఉన్నదాంట్లోంచి.

రెండు రోజులు ఆ క్యానుతోనే గడిపారు. వినుత గంట గంటకూ పళ్ళెంలో నీళ్ళు మార్చింది. గంగిని తన చేత్తో ముట్టుకోవడం మానేసింది. అరటాకు ముక్కతో ఎత్తేది. చేతులు మాత్రం కడుగుతూనే ఉంది, ఉత్త నీళ్ళతో, ఇటుక పొడితో, చివరికి చింతపండుతో. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. పురుషోత్తమ్ చూస్తూ ఉన్నాడు. ఒకసారి ఆ చేతులు పట్టుకుని, “చాలు వినుతా, నీ చేతుల్లో ఏమీ లేదు,” అన్నాడు. అక్కడిదాకా వచ్చినవాడు ఇంకొక్క మాట అనలేకపోయాడు. ఏం చెప్పమంటారు.

మూడోరోజు పొద్దున గంగి గొంతు కొట్టుకోవడం ఆగిపోయింది. వినుత చాలాసేపటి వరకూ నీళ్ళు మారుస్తూనే ఉంది. తర్వాత పళ్ళెం పక్కనే కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

“నా చేతిలో ఏదీ నిలవదు మామా. ఊళ్ళో అనేది నిజమే.”

“అట్ల అనొద్దు,” అన్నాడు.

కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చాడు. లోపలికి వచ్చేసరికి వినుత పడుకుని ఉంది, గోడవైపు. దేనికి భయపడి నోరు మూసుకున్నాడో అది జరగనే జరిగింది.

ఇంకో రెండు రోజులకు వాన పడింది. పొద్దున మబ్బు పట్టి, పది గంటలకల్లా వీధులు పారేంత వాన. ఊళ్ళోవాళ్ళు వాకిళ్ళలో నిలబడి తడిశారు. తెరిపివ్వగానే లక్ష్మీదేవమ్మ తడి కొంగుతోనే పళ్ళెంలో టెంకాయ, పసుపు, కుంకుమ పెట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

“వినుతా, యాడ ఉండాదమ్మా మీ గంగి? దాని పుణ్యమే ఇదంతా. బొట్టు పెట్టి పోదామని వచ్చినా.”

వినుత లోపలి నుంచి లేచి వచ్చింది. “దాని పుణ్యమేందమ్మా?”

“రోకలికి కట్టి ఊరంతా తిప్పినాము గదా, నువ్వు చింతామణికి పోయిన రోజు. మీ ఆయన చెప్పలేదా?”

వినుత పురుషోత్తమ్ వైపు చూడలేదు. లక్ష్మీదేవమ్మనే చూస్తూ అడిగింది. “నేనున్నప్పుడు రావచ్చు గదమ్మా.”

లక్ష్మీదేవమ్మ కొంగు సర్దుకుంది. పళ్ళెం గడప పక్కన పెట్టి, పనుందని ఏదో చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ వాన అందుకుంది.

వినుత పళ్ళెంలోని పసుపు చూసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

“సబ్బుతో కడిగినావా మామా?”

“పసుపు పోలేదని...”

“డాక్టరు అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉండావు.”

అతను తలూపాడు.

వినుత తన చేతుల్ని ముందుకు చాపి, తోలు లేచిన వేళ్ళను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “అయితే నా చేతులు కాదు,” అంది మెల్లగా. ఆ క్షణంలో ఆమె మొహంలో కనబడింది కోపం కాదు, ఊరట. ఐదు రోజులుగా ఒక్క మాటతో ఇవ్వగలిగి ఇవ్వని ఊరట. అది చూడడం కంటే ఆమె చెంప మీద కొట్టి ఉంటే బాగుండునని పురుషోత్తమ్ అనుకున్నాడు.

ఆమె లోపలికి పోయి పడుకుంది. చూరు కింద, గంగి కోసమని ఆమె ఐదు రోజుల కిందట పెట్టిన బక్కెట్టు ఎప్పుడో నిండి పొర్లిపోతోంది. పురుషోత్తమ్ ఆ నీళ్ళు చూస్తూ కాసేపు నిలబడి, లోపలికి పోయి మంచం పక్కన నిలబడ్డాడు.

“వినుతా,” అన్నాడు. వాన చప్పుడుకు వినబడలేదేమోనని మళ్ళీ అన్నాడు. “వినుతా, నువ్వు కాదు. నేనే.”

“తెలిసిందిలే మామా,” అంది వినుత, గోడవైపు నుంచి తిరక్కుండానే.