కేసు ఖర్చులు ఎవరి నెత్తిన

"ఒప్పేసుకో," అన్నాడు వకీలు, కోర్టు వరండాలో గొంతు తగ్గించి. "కాదని ఓడిపోయావనుకో, సాక్షుల దారి ఖర్చుల దగ్గర్నుంచి వేలిముద్రల నిపుణుడి ఫీజు దాకా మొత్తం నీ నెత్తినే రుద్దుతారు. ఇప్పుడు చట్టం అలా ఉంది."

తాళాల మెకానిక్‌కి ఆ మాట మింగుడుపడలేదు. అతను చేసిందల్లా ఒకటే. తాళంచెవి పోయింది, ఇల్లు మాదేనని ఒకతను బతిమాలితే తలుపు తీసి, కూలి తీసుకుని వచ్చేశాడు. మర్నాడే ఆ ఇంట్లో నగలు పోయాయని పోలీసులు పట్టుకుపోయారు. తీయించినవాడు మళ్లీ కనబడితే ఒట్టు.

"ఒప్పేసుకోరా తమ్ముడూ," అంది అక్క. "కొట్టు అమ్మినా ఆ ఖర్చులు తీరవంట. అదీ పోతే ఏం తిని బతుకుతాం?"

ఎదురు బల్ల మీద నగలు పోయిన ఇంటావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. వకీలు వద్దంటున్నా అతను వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, తలుపు తీసింది నేనే. తీయించింది వేరే మనిషి. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది. మాటమాటకీ ముక్కు ఎగబీలుస్తాడు."

ఆవిడ మొహం పాలిపోయింది. చేతిసంచీని గుండెకు అదుముకుంది. ఆవిడకు వాడు బాగా తెలిసినవాడేనని అతనికి అర్థమైంది. అర్థమయ్యాక భయం రెట్టింపైంది. కన్నకొడుకే అయితే ఏ తల్లి నోరు విప్పుతుంది?

లోపల జడ్జి అడిగారు, "నేరం ఒప్పుకుంటున్నావా?"

వెనక అక్క దగ్గు వినిపిస్తోంది. ఔనంటే, దొంగ అని ముద్రపడ్డవాణ్ణి పిలిచి ఎవరు తాళం తీయిస్తారు?

"లేదండి," అన్నాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

ఆవిణ్ణి బోనులోకి పిలిచారు. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగితే చేతిసంచీని బోను అంచు మీద పెట్టింది.

"అనుమానం కాదండి. నా కొడుకు. ఇందాక వరండాలోనే తెలిసింది నాకు."

మెకానిక్‌ని వదిలేశారు. తర్వాత కొడుక్కి శిక్ష పడింది, ఖర్చులన్నీ వాడి మీదే వేశారు. వాడి దగ్గర చిల్లిగవ్వ లేదు. తల్లే ఇల్లు అమ్మకానికి పెట్టిందట.

అక్క ఆ మాట చెప్పినప్పుడు అతను కొట్టు షట్టరు సగానికి దించి కూర్చుండిపోయాడు. ఆ పూట తలుపు తీయమని ఎవరొచ్చినా లేవలేకపోయాడు.